అటక మీది కామిక్కులన్నీ స్వర్ణయుగం కావు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాత కామిక్కుల ధరల మీద వచ్చిన వ్యాసం చదివాను. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ ఒకటో సంచిక 2024 ఏప్రిల్‌లో అమెరికాలో వేలానికి వచ్చి 60 లక్షల డాలర్లు పలికిన మాట నిజమే. మన లెక్కలో దాదాపు 50 కోట్లు. అంతవరకు నాకు పేచీ లేదు. దాని పక్కనే బాక్సు కట్టి "మీ ఇంటి అటక మీద కూడా స్వర్ణయుగపు కామిక్కులు ఉండొచ్చు, దించి చూడండి" అని వేశారే, దాంతోనే వచ్చింది తంటా.

మాది చిత్తూరు చర్చి వీధిలో పాత పుస్తకాల కొట్టు. 1980ల్లో అద్దె పుస్తకాల షాపుగా ఉండేది. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చి అద్దెలు పడిపోయాక కొనడం, అమ్మడం మొదలుపెట్టాం. మీ వ్యాసం వచ్చిన మర్నాటి నుంచి గ్రీమ్స్‌పేట, మిట్టూరు, కొంగారెడ్డిపల్లి, ఆఖరికి పలమనేరు నుంచి కూడా సంచులు మోసుకుని వస్తున్నారు. "అన్నా, గోల్డెన్ ఏజ్ కామిక్కులు ఉండాయి, ఎంతకు ఎత్తుకుంటావు?" విప్పి చూస్తే 1985 నాటి ఇంద్రజాల్ కామిక్స్, అట్టలు ఊడిన బాలమిత్రలు, అడుగున పదో తరగతి గైడు. పాతవి కాబట్టి స్వర్ణయుగం అనుకుంటున్నారు. అది కాదు, దాని లెక్క వేరు అని ఒక్కొక్కరికీ చెప్పి నా గొంతు పోయింది. అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఈ ఉత్తరం.

కలెక్టర్లు, అంటే కామిక్కులు సేకరించేవాళ్ళు, వాళ్ళ పుస్తకాల చరిత్రను గోల్డెన్, సిల్వర్, బ్రాంజ్, మోడరన్ అని నాలుగు ముక్కలు చేసుకున్నారు. ఇన్నేళ్ళు నిండితే వెండి, ఇంకా నిండితే బంగారం అనే లెక్క కాదిది. ఒక్కో గీతకు వెనకాల అమెరికాలో జరిగిన ఒక్కో సంగతి ఉంది. గోల్డెన్ ఏజ్ ఆ యాక్షన్ కామిక్స్‌తోనే మొదలు. అట్ట మీద 1938 జూన్ అని ఉంటుంది, అంగళ్ళలోకి ఏప్రిల్‌లోనే వచ్చింది, వెల 10 సెంట్లు. సుమారు రెండు లక్షల కాపీలు వేశారంటారు, మిగిలినవి వంద ఉంటాయేమోనని అంచనా. మిగతావన్నీ ఏమయ్యాయంటే, చదివి పారేసినవి కొన్ని. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితం పోగుచేసి ఇవ్వమని అక్కడ ఊరూరా పిలుపులిచ్చారు. పిల్లలు సంతోషంగా తమ కామిక్కులు తెచ్చి ఆ కుప్పల్లో వేశారు. 50 కోట్ల వెలకు అసలు కారణం ఆ కొరత. పుస్తకం వయసు ఆ తర్వాతే.

యుద్ధం అయిపోయాక ముసుగు హీరోల మోజు తగ్గింది. నేరాల కథలు, దయ్యాల కథలు ఆ చోటులోకి వచ్చాయి. వాటితో పిల్లలు చెడిపోతున్నారని ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు 1954లో పుస్తకం రాశాడు, ఆ ఏడే సెనేట్ ఉపసంఘం విచారణ పెట్టింది. భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే కామిక్స్ కోడ్ అనే కట్టుబాటు పెట్టుకున్నారు. అట్ట మీద దాని ముద్ర లేనిదే అంగడివాడు తీసుకునేవాడు కాదు. మా చిన్నప్పుడు క్లాసు పుస్తకంలో కామిక్కు దాచుకుని చదువుతూ దొరికితే పడిన దెబ్బలు గుర్తొచ్చి, సెనేట్ దాకా పోయిందా ఈ గొడవ అని నవ్వుకున్నాను.

సిల్వర్ ఏజ్ మొదలైంది 1956 అక్టోబరులో, షోకేస్ అనే కామిక్కు నాలుగో సంచికతో. జూలియస్ ష్వార్జ్ అనే ఎడిటర్ మూలపడిన ఫ్లాష్ అనే హీరోను కొత్త మనిషిగా మళ్ళీ పుట్టించాడు, కార్మైన్ ఇన్ఫాంటినో బొమ్మలు వేశాడు. ఆ కథలో నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. కొత్త ఫ్లాష్ అయిన బారీ అలెన్ ఒక పాత ఫ్లాష్ కామిక్కు చదువుతూ కనిపిస్తాడు, తన పేరు దాంట్లోంచే తీసుకుంటాడు. అంటే పాత యుగం అయిపోయిందని ఆ పుస్తకమే చెప్పేసింది. తర్వాత 1961లో స్టాన్ లీ, జాక్ కర్బీల ఫెంటాస్టిక్ ఫోర్, 1962లో స్పైడర్‌మ్యాన్. మనకు తెలిసిన సినిమా హీరోల్లో సగం మంది ఆ పదిహేనేళ్ళలో పుట్టినవాళ్ళే.

ఇంతకీ ఈ పేర్లు పెట్టింది ఏ ప్రొఫెసరో అనుకునేరు. గోల్డెన్ ఏజ్ అన్న మాటను 1960లో రిచర్డ్ లుపాఫ్ అనే రచయిత ఒక అభిమానుల పత్రికలో వాడాడు. సిల్వర్ సంగతి ఇంకా బాగుంటుంది. జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా 42వ సంచికలో, 1966 ఫిబ్రవరి అది, పాఠకుల ఉత్తరాల పేజీలో కనెక్టికట్ రాష్ట్రం వెస్ట్‌పోర్ట్ ఊరి పాఠకుడొకడు రాశాడు. మీరిలా గోల్డెన్ ఏజ్ హీరోలను తిరిగి పట్టుకొస్తూ పోతే ఇరవై ఏళ్ళ తర్వాత జనం ఈ దశాబ్దాన్ని సిల్వర్ సిక్స్‌టీస్ అంటారేమో అని ఎగతాళిగా. ఆ ఎగతాళే పేరై నిలిచింది. ఎడిటర్‌కు రాసే ఉత్తరాలను మూడో వంతుకు కత్తిరించి వేసే మీ డెస్కువాళ్ళు ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోవాలి.

బ్రాంజ్ దగ్గరికి వచ్చేసరికి కలెక్టర్లకే కుదరదు. 1970లో కర్బీ మార్వెల్ కంపెనీ వదిలి దాని పోటీ కంపెనీ డీసీకి వెళ్ళినప్పుడు మొదలైందని కొందరు, అదే ఏడు గ్రీన్ లాంటర్న్, గ్రీన్ ఆరోల జంట కథలు పేదరికం, జాతివివక్ష లాంటివి ఎత్తుకున్నప్పుడని కొందరు, కాదు 1973లో స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీని చంపేసినప్పుడని ఇంకొందరు. నన్నడిగితే 1971 అంటాను. డ్రగ్స్ వల్ల వచ్చే చేటు చూపించమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖే అడిగితే స్పైడర్‌మ్యాన్‌లో మూడు సంచికల కథ వేశారు. మంచి చెప్పడానికైనా సరే డ్రగ్స్ మాటే ఎత్తకూడదని కోడ్ ముద్ర ఇవ్వలేదు. ముద్ర లేకుండానే అమ్మారు. ఆ ఏడే కోడ్‌ను సడలించారు. 1954 నాటి భయం వదలడం అక్కడే మొదలైంది. 1985లో డీసీ తన కథల్లోని వేరువేరు లోకాలన్నిటినీ కలిపేసిన క్రైసిస్ కథతో బ్రాంజ్ ముగిసిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ తర్వాతదంతా మోడరన్.

బ్రాంజ్ పుస్తకాల్లో ఒక కిటుకుంది. 1974లో మార్వెల్ వాళ్ళు ఉత్తరాల పేజీలో స్టాంపు బొమ్మ ఒకటి వేసి, కత్తిరించి దాచుకోమన్నారు. పిల్లలు కత్తిరించారు. హల్క్ 181వ సంచిక, వుల్వరిన్ పూర్తి కథలో మొదటిసారి వచ్చింది అందులోనే, దానికి ఈరోజు లక్షలు పెడతారు. స్టాంపు ముక్క లేకపోతే ధర ఒక్కసారిగా దిగిపోతుంది. అందుకే కొనేవాడు ముందు అట్ట చూడడు, ఆ పేజీ తిప్పి చూస్తాడు.

అది చదివినప్పుడు మా అద్దె షాపు తలుచుకుని నాకే నవ్వొచ్చింది. కొత్త పుస్తకం రాగానే మేం చేసే మొదటి పని పిన్నులు పీకేయడం, తుప్పు పట్టి కాగితం తినేస్తాయని. తర్వాత దబ్బనంతో మూడు బొక్కలు పొడిచి పురికొసతో కుట్టడం, వీపుకు మైదా బంకతో బ్రౌన్ పేపర్ అంటించడం, అట్ట మీద సరిగ్గా హీరో మొహానికి తగిలేలా షాపు రబ్బరు స్టాంపు కొట్టడం. ఈ లెక్కన మా దగ్గర చేయి మారిన ప్రతి పుస్తకమూ అమెరికా గ్రేడింగు వాళ్ళ దృష్టిలో అడుగు మెట్టు. 2000లో మొదలైన సీజీసీ అనే కంపెనీ పుస్తకాన్ని పదికి ఇన్ని మార్కులని తూచి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి పంపుతుంది. ఇక తెరవకూడదు. చదవడానికి లేని పుస్తకం ఏం పుస్తకమో నాకు అర్థం కాదు గాని, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం. మేం కుట్టబట్టే ఆ ఇంద్రజాల్‌లు యాభై చేతులు మారి ఈరోజుకు మిగిలాయి.

కొత్తవి దాచుకుంటే రేపు బంగారమవుతుందని ఆశపడేవాళ్ళకు ఒక మాట. 1991లో వచ్చిన ఎక్స్‌మెన్ ఒకటో సంచిక 80 లక్షల కాపీలకు పైగా పోయింది. తలా అయిదారు కొని ప్లాస్టిక్ కవర్లలో దాచారు. మరుసటి ఏడు సూపర్‌మ్యాన్‌ను చంపి నల్ల కవర్లో పెట్టి అమ్మితే క్యూలు కట్టారు. అందరూ దాచింది ఎవరికి కావాలి? ఒకటి రెండేళ్ళలో మార్కెట్ కూలింది, 1996 చివర మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. ఆ ఎక్స్‌మెన్ ఈనాటికీ మామూలు కాపీ చవగ్గానే దొరుకుతుంది.

ఇక మన సంచుల సంగతి. ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో ఫాంటమ్ అనే ముసుగు హీరో కథతో మొదలై 1990లో ఆగిపోయింది. ఆ సంచికను సిల్వర్ ఏజ్ అందామా? ఫాంటమ్ అమెరికా దినపత్రికల్లో 1936లోనే వచ్చాడు, సూపర్‌మ్యాన్ కంటే రెండేళ్ళు పెద్దవాడు. పత్రికల్లో రోజుకు మూడు నాలుగు గళ్ళుగా వచ్చిన కథలనే కోసి, అతికి ఇక్కడ పుస్తకం చేశారు. అమెరికా యుగాలు పుస్తకాలకు, దినపత్రికల స్ట్రిప్పులకు కాదు. పైగా మనకోసమని దేశం పేరు డెంకాలి అని, దొంగల ముఠా పేరు సింగా అని మార్చేశారు. అలా మారిన పుస్తకం ఆ లెక్కలో ఏ గడిలోనూ ఇమడదు. దానికి దాని గీతలే గీయాలి. 1964లో ఒకటి. ఆబిద్ సుర్తీ సృష్టించిన బహదూర్ వచ్చిన 1976లో ఇంకొకటి, కాషాయం కుర్తా, జీన్స్ ప్యాంటుతో మన ఊరి మనిషి లాంటి హీరో. 1990లో ఆఖరిది.

మా చిత్తూరుకు ఇంకో తిరకాసు. వేలూరు బస్సులో వచ్చే తమిళ పుస్తకాలు ఇక్కడ బాగా ఆడేవి. శివకాశి ముత్తు కామిక్స్ 1972లో మొదలైంది, ఇనుప చేతి మాయావి కథతో. అది బ్రిటిష్ కథ, అమెరికాది కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలు ఫాంటమ్‌ను, మాయావిని, చందమామ బేతాళుణ్ణి పక్కపక్కన పెట్టుకుని చదివారు. వాళ్ళకు న్యూయార్క్‌లో ఎవరు ఏ కంపెనీ మారారో పట్టలేదు.

చందమామ కామిక్కు కాదని కొందరు పెదవి విరుస్తారు. బొమ్మలేకపోతే కథ నడవని పత్రిక కాబట్టి నా మటుకు అది మన వరసే. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో తెచ్చారు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు చేతికి వచ్చింది, ఆయన 1980లో పోయేదాకా అదొక ఒరవడి. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు 1954లో తోకచుక్కతో మొదలయ్యాయి, చిత్రా బొమ్మలు, శంకర్ గీసిన బేతాళుడు, వడ్డాది పాపయ్య అట్టలు, అన్నీ ఆ కాలంలోవే. 1998లో పత్రిక ఆగి, ఏడాదికి మళ్ళీ లేచింది. 2007లో ముంబై కంపెనీ కొన్నది. ఆ తర్వాత కొన్నేళ్ళకు పూర్తిగా మూతపడింది. గీతలు ఎక్కడ గీయాలో ఇందులోనే కనపడుతోంది కదా. వాటికి బంగారం, వెండి అని పేర్లు కూడా అక్కర్లేదు. కుటుంబరావు కాలం చందమామ అంటే చాలు, మా కొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మందికి అర్థమైపోతుంది.

ఆ లోహాల పేర్లతో ఇంకో తప్పుడు అర్థం వస్తుంది. మొదటిదే మేలైనది, పోనుపోను తరుగు అని. హెసియడ్ అనే గ్రీకు కవి మనుషుల తరాలను అలా వరస పెట్టాడు, మన యుగాల వరసా అదే. కామిక్కులకు అది పొసగదు. 1938 సూపర్‌మ్యాన్ బొమ్మలు మోటుగా ఉంటాయి, ఇన్ఫాంటినో గీత ముందు అవి నిలబడవు. ధరల వరసను నాణ్యత వరస అనుకోవద్దు. చందమామలోనూ మొదటి అయిదేళ్ళవి అరుదు, ధర ఎక్కువ. చదవడానికి మాత్రం నేను 1960లవే తీస్తాను.

కొట్టుకు వచ్చినవాటిలో రెండు చెబుతాను. కట్టమంచి నుంచి ఒక పెద్దామె బైండు పుస్తకం తెచ్చింది. చందమామల్లోంచి రాకాసిలోయ సీరియల్ పేజీలు మాత్రం చింపి వాళ్ళమ్మ కుట్టుకున్నది. ప్రతి భాగం పైన నెల, ఏడు పెన్సిల్‌తో రాసి ఉంది. ఒక భాగం దొరకలేదేమో, ఆ చోట తెల్లకాగితం పెట్టి కథ చేత్తో రాసుకుంది, పక్కింటివాళ్ళ కాపీ చూసి కావచ్చు. కలెక్టరు లెక్కలో దానికి సున్నా. "అమ్మొద్దమ్మా, ఇంట్లో పెట్టుకో" అన్నాను. "అమ్మేదానికి తేలేదు నాయనా, ఎంత చేస్తుందో అడిగిపోదామని" అంది.

రెండోది ఒక కుర్రవాడు సంబరంగా తెచ్చిన యాక్షన్ కామిక్స్ ఒకటో సంచిక. అమెరికాలో ఉన్న వాళ్ళ బాబాయి పాత సామాన్లలో దొరికిందట. కొలబద్ద పెట్టాను. వెడల్పే పది అంగుళాలు. అసలు పుస్తకం ఎనిమిది కూడా ఉండదు. 1974లో డీసీ కంపెనీయే పెద్ద సైజులో దాన్ని మళ్ళీ అచ్చువేసింది, పైన ఇంకో అట్టతో. ఆ పై అట్ట తీసేస్తే లోపలంతా 1938లాగే ఉంటుంది. దీనితో అక్కడే చాలామంది మోసపోయారు. సైజు చూస్తే పట్టేయవచ్చు. యుగం మారేకొద్దీ అమెరికా కామిక్కుల వెడల్పు తగ్గుతూ వచ్చింది. అందుకే ప్లాస్టిక్ కవర్లు కూడా గోల్డెన్ సైజు, సిల్వర్ సైజు, కరెంట్ సైజు అని విడివిడిగా అమ్ముతారు. యాభై కోట్ల కలగన్న ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను, టీ తాగించి పంపాను.

ఇది నవ్వుకునే సంగతే, ఇప్పుడు చెప్పేది కాదు. మీ వ్యాసం చూశాక ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఎవరో ఫోన్లో మూడు ఇంద్రజాల్‌లు "గోల్డెన్ ఏజ్, రేర్" అని చెప్పి హాస్టల్ ఫీజంత డబ్బు గుంజారు. మూడూ 1980ల మధ్యవి, ఒకదానికి నడిమి పేజీలే లేవు. అవి మా దగ్గర ఎంతకు దొరుకుతాయో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి మనవి ఏమిటంటే, వచ్చే ఆదివారం ఆ బాక్సుకు సవరణ వేయండి. స్వర్ణయుగం అన్నది అమెరికాలో 1938 నుంచి 1950ల మధ్యదాకా వచ్చిన కామిక్కులకు పెట్టుకున్న పేరని, ఇక్కడి పుస్తకాలకు అది వర్తించదని రెండు వాక్యాలు చాలు. కొనేవాళ్ళను, అమ్మేవాళ్ళను ముందు ముద్రణ వివరాలున్న పేజీ చూడమనండి. అమర్ చిత్ర కథల్లో మరీ జాగ్రత్త. మొదటి పది నంబర్లు పాశ్చాత్య కథలు, కృష్ణుడి కథ పదకొండోది. తర్వాత ముద్రణల్లో అదే కృష్ణుడు 501 అయ్యాడు. నంబరు చూసి వయసు చెప్పలేం.

ఇంకొకటి. తెలుగు దినపత్రికలు, వారపత్రికలు దశాబ్దాలుగా పిల్లల పేజీలు, బొమ్మల కథలు వేశాయి. బుజ్జాయి గారి డుంబు ఆంధ్రపత్రికలోనే కదా వచ్చింది. అవి ఏ ఏడు మొదలై ఏ ఏడు ఆగాయి, బొమ్మలు ఎవరు వేశారు అన్నది ఒకచోట రాసిపెట్టినవాళ్ళు నాకు కనపడలేదు. మీ ఆఫీసులో పాత సంచికల బైండ్లు ఉంటాయి. ఒక సబ్ ఎడిటర్‌కు నెల రోజులు ఆ పని అప్పజెప్పి, వారం వారం అనుబంధంలో వేయండి. మా కొట్టులో ఉన్నవి చూసుకోవడానికి ఎవరొచ్చినా సరే, ఆదివారం తప్ప రోజూ పది గంటలకు తెరుస్తాం. చదివి అక్కడే పెట్టి వెళ్ళాలి, ఇంటికివ్వను.

ఇట్లు,
ఒక పాత పుస్తకాల వ్యాపారి,
చర్చి వీధి, చిత్తూరు
(పేరు వేయవద్దని మనవి. ఇప్పటికే వస్తున్న సంచులు చాలు.)